చలికొండల్లో చక్రాల ఇల్లు

హీరోగారి కారవాన్ అంటే మీకు తెలియంది కాదు. షూటింగ్ ఎక్కడ జరిగితే అక్కడ, చెట్టు నీడన, తెల్లగా పొడుగ్గా, అద్దాలకు తెరలేసుకుని నిలబడి ఉంటుంది. లోపల ఏసీ, సోఫా, చుట్టూ బల్బులు వెలిగే నిలువుటద్దం. ఆ తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందా, ఆ మొహం ఎప్పుడు కనిపిస్తుందా అని బయట అభిమానులు గంటల తరబడి ఎండలో నిలబడతారు. సరే... ఆ బండి స్టీరింగు దగ్గర కూర్చున్న మనిషి మొహం ఎవరైనా చూశారా?

నేను చూశాను! చూడ్డమే కాదు, ఆయనతో మూడు రాత్రులు కారవాన్‌లో కాపురం చేసొచ్చాను. అదీ ఎప్పుడు? జనవరి మొదటి వారంలో. ఎక్కడ? లంబసింగిలో, పాడేరులో, అరకులో! పళ్లు టకటకలాడుతుండగా రాసుకున్న నోట్సు ఇది. అక్కడక్కడా అక్షరాలు వణికితే పాఠక మిత్రులు మన్నించాలి.

ఆయన పేరు రాయొద్దన్నారు. "పేరెందుకు బాబూ, బండి గురించి రాయండి" అన్నారు. కాబట్టి బాబాయి అనే రాస్తాను. అనకాపల్లి వైపు మనిషి. అరవై దగ్గర పడింది. ఇరవై రెండేళ్లు హైదరాబాదులో సినిమా యూనిట్లకి బండ్లు నడిపారు. మొదట జనరేటర్ వ్యాను, తర్వాత లైట్ల వ్యాను, చివరికి స్టార్ల కారవాన్‌లు. ఇంతమంది హీరోలను మోశారు గదా, వాళ్ల గురించి నాలుగు కబుర్లు చెప్పండి బాబాయ్ అని ఎంత గోకినా ఆయన నోరు విప్పలేదు. "మా వెనకాల తలుపేసుకున్నాక లోపల ఏటి జరిగిందో మాకు తెలవదు. తెలిసినా తెలవదు" అన్నారు. ఒక్క మాట మాత్రం జారింది. ఇరవై రెండేళ్లలో ఒక్క రాత్రయినా ఆ వెనక పరుపు మీద ఆయన నడుం వాల్చలేదట. డ్రైవరు పక్క డ్రైవరు సీటే!

రెండేళ్ల కిందట ఊరొచ్చేసి, దాచుకున్న డబ్బంతా పెట్టి పాత టెంపో ట్రావెలర్ ఒకటి కొన్నారు. విశాఖ ఆటోనగర్‌లో ఒక షెడ్డులో దగ్గర కూర్చుని దాన్ని ఇల్లుగా మార్పించారు. పగలు సీట్లు, రాత్రి మడత విప్పితే పక్కలు. వెనక తలుపు ఎత్తితే వంటగట్టు. అడుగున వంద లీటర్ల నీళ్ల ట్యాంకు. ట్యాంకు టాపు మీద పెడితే చూడ్డానికి బావుంటుందిగానీ మలుపులో బండి ఊగుతుందని కిందే పెట్టించారు.

ఇక్కడే ఉంది అసలు సస్పెన్సు. పెళ్లిళ్లు చేయించే ఈవెంట్ వాళ్లు ఈ బండికి మంచి ధర ఇస్తామన్నారు, పెళ్లికూతురి మేకప్ రూముగా వాడుకోవడానికి. సోమవారం లోపు మాట చెప్పాలి. బాబాయి మేనల్లుడు మాత్రం ససేమిరా అంటాడు. వాడు కెమెరా డిపార్ట్‌మెంట్‌లో అసిస్టెంటు, నాకు స్నేహితుడు. "అమ్మకు మావా! చలికాలం శని ఆదివారాల్లో లంబసింగికి అద్దెకిస్తే చాలు, మూడేళ్లలో డబ్బులు తిరిగొచ్చేస్తాయి" అని వాడి లెక్క. బాబాయి భయం డబ్బు గురించి కాదు. "ఆ చలిలో, ఆ కొండ మీద, ఏమీ తెలీని పిల్లల్ని ఈ డబ్బాలో పడుకోబెట్టి... ఏటైనా అయితే?" అందుకని ముందు మనమే మూడు రాత్రులు పడుకుని చూద్దాం అన్నారు. మూడో మనిషిగా నేను ఎక్కాను.

కుర్చీ కింద సముద్రం, తల మీద కొండ

మన విశాఖ సౌకర్యం ఏ ఊరికీ లేదండీ. పొద్దున్న బీచిలో ఇడ్లీ తిని బయల్దేరితే సాయంత్రం టీకి మూడువేల అడుగుల పైనుండొచ్చు. తూర్పు కనుమలు ఇక్కడ సముద్రానికి అంత దగ్గరగా జరిగి కూర్చున్నాయి. అనకాపల్లి, నర్సీపట్నం దాటితే ఘాట్ మొదలు. నర్సీపట్నంలో బాబాయి ట్యాంకు నిండా నీళ్లు పట్టించారు. పైన పట్టొచ్చు కదా అంటే, "పైన ఊళ్లల్లో కొండ ఊట నీళ్లే బాబూ. ఆళ్ల బిందెల ముందు మన పైపు పెట్టడం బావోదు" అన్నారు.

ఘాట్ మీద ఆయన డ్రైవింగు చూడాలి! ఏ గేరులో ఎక్కామో దాదాపు ఆ గేరులోనే దిగాలట. బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే అది వేడెక్కి, సరిగ్గా కావాల్సిన మలుపులో చేతులెత్తేస్తుంది. కొండెక్కే బండికి దిగే బండి దారివ్వాలి. మంచులో పెద్ద లైటు వేస్తే వెలుగు తిరిగి మన కళ్లలోనే కొడుతుంది, చిన్న లైటే మేలు. ఇవన్నీ చెబుతూనే ఉన్నారు, మలుపు మలుపుకీ వెనక అల్మరాలో స్టీలు పళ్లాలు తాళం వేస్తూనే ఉన్నాయి. మూడో మలుపులో పప్పు డబ్బా మేనల్లుడి ఒళ్లో పడింది. అప్పుడు గుర్తొచ్చింది, అల్మరా తలుపుకి గొళ్లెం పెట్టించలేదని. పుస్తకంలో రాసుకున్నారు బాబాయి: గొళ్లెం.

లంబసింగిని 'ఆంధ్రా కాశ్మీర్' అంటారని మీరు వినే ఉంటారు. అక్కడివాళ్ల మాట కొర్రబయలు. రాత్రి బయట పడుకున్నవాడు తెల్లారేసరికి కొర్రులా బిగుసుకుపోతాడని దాని అర్థం చెబుతారు. సరే, ఇంత చలెందుకు? కొండ ఎత్తు కదా అంటారా? అదొక్కటే చాలదండీ. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. కింద విశాఖలో జనవరి రాత్రి పద్ధెనిమిది ఉంటే ఇక్కడ పన్నెండు దగ్గర ఉండాలి. మరి మిగతాది? మబ్బు లేని రాత్రి నేల తన వేడినంతా ఆకాశానికి వదిలేస్తుంది. చల్లబడ్డ గాలి బరువెక్కి, వాలు వెంట నీళ్లలాగే జారి, పల్లంలో చెరువులా నిలబడుతుంది. లంబసింగి ఆ చెరువు అడుగున ఉందన్నమాట! తెల్లవారుజాము నాలుగింటికి మా మేనల్లుడి థర్మామీటరు ఆరు చూపించింది.

కుంపటి

ఆ రాత్రి ఒక రైతు ఖాళీ స్థలంలో, డబ్బులిచ్చి, బండి పెట్టాం. చుట్టూ అద్దె గుడారాలు, కార్లు, పాటలు, నెగళ్లు. తిరునాళ్లే! మావాడు తెచ్చిన చిన్న డబ్బా గ్యాసు పొయ్యి మంట పిల్లి తోకంత కూడా లేవలేదు. అందులో ఉండేది బ్యూటేన్. సున్నా డిగ్రీల దగ్గర ఆవిరవడమే మానేసే సరుకు, ఆరేడు డిగ్రీలకే నీరసించిపోయింది. బాబాయి నవ్వుకుని ఐదు కేజీల సిలిండరు తీసి, వెనక తలుపెత్తి, బయట నిలబడి వంట చేశారు. వేడన్నంలోకి భీమిలి ఎండునెత్తళ్ల పులుసు. ఆ చలిలో ఆ పులుసు... వద్దులెండి, మీకు నోరూరడం తప్ప లాభం లేదు.

పడుకునే ముందు రెండువైపులా కిటికీలు రెండేళ్ల సందు తెరిచి పెట్టారు. "చలొచ్చేస్తాది మావా!" అని మావాడు గోల. "రానీ. నీ ఊపిరి బయటికెల్లాల" అన్నారాయన. ముగ్గురు మనుషులు రాత్రంతా వదిలే ఊపిరిలో గ్లాసుల కొద్దీ నీళ్లుంటాయి. అవి బయటికి పోకపోతే చల్లటి రేకు మీద చెమ్మగా పట్టి, పొద్దుటికి దుప్పట్ల మీదే చినుకులవుతాయి. చలి కింద నుంచి కూడా వస్తుందని పరుపుల కింద థర్మోకోలు పలకలు, వాటి మీద పాత పేపర్లు పరిపించారు. ఆ పేపర్లలో సినిమా పేజీలు పైకి ఉండేలా నేనే సర్దాను, వృత్తి ధర్మం!

పదకొండు దాటింది. పాటలు ఆగాయి. నాకు కన్నంటుకుంటోంది. ఉన్నట్టుండి బాబాయి డ్రైవరు సీట్లోంచి లేచి, చెప్పులైనా వేసుకోకుండా బయటికి పరుగెత్తారు. (అవును, ఆ రాత్రి కూడా ఆయన డ్రైవరు సీట్లోనే!) మేమిద్దరం వెనకే దూకాం. పక్క గుడారంలో నలుగురు కాలేజీ కుర్రాళ్లు. ఆరిపోతున్న నెగడులోంచి నిప్పులన్నీ ఇనప తట్టలోకి ఎత్తుకుని, లోపల పెట్టుకుని, జిప్పు మొత్తం మూసేశారు. బాబాయి ఆ జిప్పు లాగి, గోనెపట్టాతో తట్ట పట్టుకుని బయటికి ఈడ్చేశారు. నిప్పురవ్వలు లేచాయి.

"ఏయ్ ముసలాయనా, ఎవరు నువ్వు?" అని ఒకడు కాలరు పట్టుకున్నాడు. ఇంకొకడు ఫోను తీసి వీడియో మొదలెట్టాడు. బాబాయి ఒక్క మాటకీ జవాబు చెప్పలేదు. లోపల మూలన పడుకున్న నాలుగోవాడిని చూపించి, "ఆ బాబుని లేపండి" అన్నారు, అంతే. వాడు లేవడం లేదు! రెండుసార్లు తడితే లేచాడుగానీ తల పట్టుకుని వాంతొస్తోందన్నాడు. మాట ముద్దగా వచ్చింది. కాలరు మీద చెయ్యి దానంతటదే జారింది.

వాడిని బయట గాలిలో కూర్చోబెట్టి, రెండు దుప్పట్లు కప్పి, బాబాయి రెండు గంటలు పక్కనే కూర్చున్నారు. బండి తాళం చేతిలోనే ఉంది. తగ్గకపోతే చింతపల్లి ఆసుపత్రికి తీసుకెళ్లడానికి మా పరుపులు మడిచేసి సిద్ధంగా ఉంచాం. ఒంటిగంట దాటాక వాడు తన పేరు, ఊరు, కాలేజీ అన్నీ తడబడకుండా చెప్పాడు. "తాతా, ఆకలేస్తోంది" అన్నాడు. అప్పుడు నవ్వారు బాబాయి. మిగిలిన పులుసన్నం వాడికే పోయింది. ఊరికి వెళ్లగానే డాక్టరుకి చూపించుకోమని నలుగురి చేతా ఒట్టు వేయించుకున్నారు.

నిప్పులు ఎర్రగా, బుద్ధిగా కనిపిస్తాయి. పొగ కూడా ఉండదు. అదే దాని మాయ. మూసిన చోట బొగ్గులు కార్బన్ మోనాక్సైడ్ వదులుతాయి. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ప్రాణవాయువు కూర్చోవాల్సిన కుర్చీలో అది వచ్చి కూర్చుంటుంది. మొదట తలనొప్పి, తర్వాత మత్తు. చలికి హాయిగా నిద్దరొస్తోందనుకుంటాం. ఇంజన్ ఆన్‌లో పెట్టి, అద్దాలు మూసుకుని పడుకునేవాళ్లకూ ఇదే ప్రమాదం. మన పాఠకుల్లో ఈ సంక్రాంతికి బండేసుకుని కొండలెక్కేవాళ్లు చాలామందే ఉంటారు. మిగతా వ్యాసం మర్చిపోయినా ఈ పేరా మాత్రం గుర్తుంచుకోండి.

తెల్లవారుజామున టీ కొట్టు పొయ్యి దగ్గర, అడక్కుండానే, బాబాయి చెప్పారు. ఏళ్ల కిందట ఒక ఔట్‌డోర్. చలి ప్రదేశం. లైట్ల వ్యానులో ఇద్దరు లైట్ బాయ్స్ కుంపటి పెట్టుకుని పడుకున్నారు. పొద్దున్న ఒక్కడే లేచాడు. "తలుపేసింది నేనే బాబూ. చలిగా ఉందన్నా అంటే వేసినాను. నాకూ తెలవదు గదా అప్పుడు." అంతే చెప్పి గ్లాసు కింద పెట్టేశారు. రెండు వేళ్ల సందు ఎందుకో నాకప్పుడు అర్థమయింది. సోమవారం మాట చెప్పడానికి ఆయనకెందుకంత బరువుగా ఉందో కూడా!

కారవాన్ లేని సినిమాస్కోప్

రెండోరోజు చింతపల్లి. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు పోలీసు స్టేషను మీద పడి తుపాకులు పట్టుకుపోయిన ఊరు. ఇప్పుడు జిల్లాకే ఆయన పేరు, 2022 నుంచి. సినిమా వాళ్లకు మాత్రం ఈ అడవి అనగానే గుర్తొచ్చేది 1974 మే ఒకటిన విడుదలైన 'అల్లూరి సీతారామరాజు'. కృష్ణగారి నూరో చిత్రం, తెలుగులో తొలి సినిమాస్కోప్. ఈ చింతపల్లి పరిసరాల్లో ఔట్‌డోర్ తీశారు. వి.ఎస్.ఆర్. స్వామి గారి కెమెరా. దర్శకుడు వి. రామచంద్రరావు గారు చిత్రం పూర్తి కాకముందే కన్నుమూశారు. శ్రీశ్రీ గారి పాటకు జాతీయ అవార్డు వచ్చింది.

ఆ రోజుల్లో మన యూనిట్లకు కారవాన్‌లెక్కడివి? హీరో అయినా, జూనియర్ ఆర్టిస్టయినా చెట్టుచాటున బట్టలు మార్చుకోవాల్సిందే, మడత కుర్చీలో మేకప్ వేయించుకోవాల్సిందే. కొండ మీద నిలబడి మావాడు రెండు చేతులూ చాచి ఫ్రేము కట్టి చూపించాడు. "ఈ లోయకి మామూలు తెర చాలదు గురూ, స్కోపే కావాలి." వాడన్నది నిజం. ఎడమ చివర కొండ, కుడి చివర కొండ, మధ్యలో మంచు. దేన్ని వదిలేస్తాం?

మబ్బులకి కింద, మబ్బులకి పైన

జి.మాడుగుల మీదుగా పాడేరు చేరి, ఆ రాత్రి వంజంగి కొండ దిగువన ఆగాం. కారవాన్ విలువ తెలిసింది ఇక్కడే. ఈ కొండలకు ఒక గంట ఉంది, తెల్లవారుజాము ఐదు నుంచి ఏడు దాకా. విశాఖ నుంచి వచ్చేవాళ్లు దానికోసం అర్ధరాత్రి బయల్దేరి, నిద్రకళ్లతో ఘాట్ ఎక్కుతారు. అంతకన్నా ప్రమాదం లేదు. మేం లేచి, టీ తాగి, నడక మొదలెట్టాం.

పైకెళ్లేసరికి కింద లోయ లేదు. తెల్లటి సముద్రం! నిన్న చెప్పానే, చల్లగాలి చెరువని, దాంట్లో పుట్టిన పొగమంచే అది. మనం గట్టు మీద ఉన్నాం. సూర్యుడు రాగానే తెల్లదనం గులాబీ రంగుకు తిరిగి, అలలు అలలుగా కదిలింది. విశాఖ సముద్రం వదిలి వచ్చినవాడికి మళ్లీ సముద్రమే ఎదురైతే ఎలా ఉంటుంది? కెమెరా అసిస్టెంటు కెమెరా తియ్యడం మర్చిపోయాడు, చూస్తే మీకే తెలుస్తుంది.

కానీ దిగేటప్పుడు చూపు కిందకి పోయింది. దారి పొడుగునా నీళ్ల సీసాలు, చిప్స్ కవర్లు, ప్లాస్టిక్ పళ్లేలు. ఒక ముసలమ్మ కాఫీ మొక్కల మధ్య వంగి, గోనెసంచిలోకి ఏరుతోంది. జీతానికి కాదు, తన తోటే అది. సిల్వర్ ఓక్ నీడన కాఫీ, ఓక్‌ని చుట్టుకుని మిరియాల తీగ. పళ్లు కోసే కాలం. "మా ఆవు కవర్లు తిన్నాది బాబూ, పాలు మానీసింది" అంది, కోపం లేకుండా. బాబాయి ఏమీ అనలేదు. బండి దగ్గరకొచ్చాక పుస్తకం తీసి, గొళ్లెం కింద ఇంకోటి రాశారు: చెత్త సంచి, పెద్దది, రెండు. మా గిన్నెలు కడిగిన నీళ్లు కూడా వాగులో పొయ్యనివ్వలేదు, దూరంగా గుంట తీయించి పోయించారు. గుంట తవ్వింది ఎవరనుకున్నారు? వ్యాసకర్త!

అరకు గురించి ఎక్కువ రాయను. మీలో సగం మంది రైల్లో వెళ్లి చూసినవాళ్లే. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని, వలిసె పూల పసుపు జనవరికి కొంచెం వాడిపోయి ఉందని, బొంగులో చికెన్ ధర బేరమాడితే దిగుతుందని చెప్పి ఊరుకుంటాను. చెప్పాల్సింది మూడో రాత్రి సంగతి. మావాడు డ్రైవరు సీట్లో ముడుచుకుని పడుకుని, తాళం జేబులో వేసుకున్నాడు. "మావా, ఈ రాత్రికి బండి నాది. నువ్వు వెనక్కెల్లు" అన్నాడు. కాసేపు వాదన జరిగింది. చివరికి బాబాయి బూట్లు విప్పి, పక్క మీద కూర్చుని, చేత్తో పరుపు నొక్కి చూశారు. "కాస్త గట్టిగా ఉంది. ఇంకో అంగుళం స్పాంజి పడాల" అన్నారు. ఆ తర్వాత గుర్రు వినిపించింది. రెండు వేళ్ల సందు మాత్రం లేచి ఒకసారి తడిమి చూసుకున్నారు, నేను చూశాను.

అనంతగిరి ఘాట్ దిగి, ఎస్.కోటలో టీకి ఆగాం. ఆదివారం. గాలి మళ్లీ వెచ్చబడింది, స్వెట్టర్లు విప్పేశాం. ఈవెంట్ వాళ్ల ఫోను వచ్చింది. రేపటిదాకా ఆగలేకపోయారేమో. "నేదు బాబూ, అమ్మడం నేదు. ఏటీ? ఇంకో యాభై ఏస్తారా? ...వద్దులెండి" అని పెట్టేశారు. మావాడు గంతేసి ఆయన్ని వాటేసుకోబోతే, "ఆగరా. తాళం ఎవుడికీ ఇచ్చీది నేదు. బండి నేనే నడుపుతాను, నలుగురికి మించి ఎక్కించను. అద్దె తక్కువొస్తాది, నీ మూడేళ్లు ఐదేళ్లవుద్ది. సరేనా?" అన్నారు. మావాడు తలూపాడు. వేరే దారి లేదు గదా!

టీ గ్లాసు ఖాళీ కాకముందే మొదటి బేరం తగిలింది. మావాడికి తెలిసిన షార్ట్ ఫిల్మ్ కుర్రాళ్లు, విశాఖ వాళ్లే. భోగి తెల్లవారుజామున వంజంగిలో ఒక పాట తీసుకోవాలట. ఎంతమంది, ఎన్ని రోజులు, అడ్వాన్సు ఎంత... ఇవన్నీ అడుగుతారనుకున్నాను. బాబాయి ఫోను చెవి దగ్గర పెట్టుకుని మొదట అడిగింది ఒక్కటే.

"బాబూ, కుంపటేవైనా తెస్తన్నారా?"